యాక్సిడెంట్ అయిన కారును బ్రోకర్ లేకుండా అమ్మడం ఎలా?

కారుకు గట్టి దెబ్బ తగిలింది, ఇక అమ్మేద్దాం అనుకోగానే మెకానిక్ నుంచి బ్రోకర్ దాకా అందరూ ఇచ్చే సలహా ఒకటే. “టింకరింగ్ చేయించి, పెయింట్ కొట్టించి పెట్టెయ్ అన్నా, ఎవడికి తెలుస్తుంది?” తెలుస్తుంది. పాత కారు కొనేవాళ్లు ఇప్పుడు వెంట మెకానిక్‌ను తెచ్చుకుంటున్నారు. కొందరి చేతిలో పెయింట్ మందం కొలిచే మీటరు కూడా ఉంటోంది. అదీ లేకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి నంబరు కొట్టించి, ఎప్పుడు ఏ పార్టు మార్చారో కూపీ లాగుతున్నారు. దాచిన సంగతి బయటపడిందంటే బేరం అక్కడితో పోతుంది. పోకపోయినా, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలను కూడా ఎవరూ నమ్మరు కాబట్టి ధర ఇంకా కిందికి దిగుతుంది.

అందుకే ఇక్కడ చెప్పేది వేరే దారి. దెబ్బ సంగతి మీరే ముందు చెప్పాలి, చెప్పినదానికి కాగితం చూపించాలి, తగ్గించాల్సినంత తగ్గించాలి, ఆర్సీలో పేరు మారేదాకా వెంటపడాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో సొంత వాడకానికి రిజిస్టరైన కారును మనిషి నుంచి మనిషికి అమ్మేటప్పుడు పనికొచ్చే సంగతులివి. ట్యాక్సీ ప్లేటు బండికి పర్మిట్, ఫిట్‌నెస్ తలనొప్పులు అదనంగా ఉంటాయి. వాటి జోలికి వెళ్లడం లేదు.

1. దెబ్బ ఎక్కడిదాకా వెళ్లిందో తేల్చుకోండి

“ముందు కొంచెం తగిలిందండీ” అంటే కొనేవాడికి ఏమీ అర్థం కాదు. ముందు మీకే స్పష్టంగా తెలియాలి. కారులో బంపర్, బానెట్, ముందు ఫెండర్లు, డోర్లు, డిక్కీ డోరు బోల్టులతో బిగించిన భాగాలు. ఇవి మార్చినా బండి బలానికి వచ్చే నష్టం లేదు. వెనక చక్రం పైనుండే క్వార్టర్ ప్యానెల్, బానెట్ లోపల ఇరువైపులా ఉండే ఆప్రాన్లు, చాసిస్ లెగ్స్ (ముందు భాగంలో బరువు మోసే పొడవాటి దూలాలు), డోర్ల మధ్య పిల్లర్లు, రూఫ్ మాత్రం వెల్డింగ్‌తో బాడీలో కలిసిపోయినవి. వీటిలో ఆప్రాన్, లెగ్, పిల్లర్‌లకు దెబ్బ తగిలి లాగి సరిచేసినా, కోసి అతికించినా మార్కెట్‌లో దాన్ని “యాక్సిడెంట్ బండి” అంటారు. డోరు సొట్టను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పిల్లర్ టచ్ అయిందంటే సగం మంది ఫోన్ పెట్టేస్తారు. అలా పెట్టేసేవాళ్లను ఇంటికి పిలిచి టైం పాడు చేసుకోకుండా ఉండటమే మీకు లాభం.

కొనేవాడి మెకానిక్ ఎలా చూస్తాడో మీరూ అలాగే ఒకసారి చూడండి. బానెట్ ఎత్తి ఫెండర్ బోల్టులు చూడండి. ఫ్యాక్టరీలో రంగు వేశాక ఎవరూ విప్పకపోతే బోల్టు తల మీద రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది. రెంచ్ పడితే అంచుల్లో రంగు లేచి లోహం మెరుస్తుంది. డోరు తెరిచి, ఫ్రేము చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌ను మెల్లగా బయటికి లాగండి. కింద వరసగా, ఒకే ఎడంతో గుండ్రటి చిన్న గుంటలు కనిపించాలి. అవి ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ గుర్తులు. ఒకవైపు గుంటలు చక్కగా ఉండి, రెండోవైపు నున్నగా ఉన్నా, గరుకుగా గ్యాస్ వెల్డింగ్ గీత కనిపించినా అక్కడ పని జరిగినట్టే. ఇక మీటరు విషయం: కంపెనీ పెయింట్ మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. లప్పం పెట్టిన చోట 300 దాటుతుంది. లప్పం దట్టంగా ఉంటే 1000 పైన కూడా చూపిస్తుంది. మీరు సెకండ్ ఓనర్ అయితే ఈ తనిఖీ మరీ ముఖ్యం. మీ చేతిలో అయిన యాక్సిడెంట్ ఒకటే, కానీ మీకంటే ముందు ఇంకొకటి అయి ఉండొచ్చు.

ఎయిర్‌బ్యాగ్‌లు విచ్చుకున్న బండి అయితే తాళం ఆన్ చేసి మీటర్ బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు చూడండి. అది వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. వెలిగే ఉంటే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే లేదంటే ఎవరో లైటు కనిపించకుండా చేశారన్న అనుమానం. “చిన్న రెసిస్టర్ పెడితే లైటు ఆరిపోతుంది, రెండు వందల పని” అని చెప్పే ఎలక్ట్రీషియన్లు ఊరికొకరు ఉంటారు. ఆ పని చేయించకండి. స్టీరింగ్ మీద ఖాళీ కవర్ వేసి, లైటు ఆర్పేసి ఇంకో కుటుంబానికి అమ్మడాన్ని బేరంలో తెలివి అనలేం. ఎయిర్‌బ్యాగ్ మార్చకుండా అమ్ముతుంటే ఆ మాట ప్రకటనలోనూ, కాగితంలోనూ రాయండి.

ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో, 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో బోలెడు కార్లు నీట మునిగాయి. అప్పటి నుంచి దెబ్బ తిన్న బండి అనగానే “నీళ్లలో మునిగిందా?” అని కూడా అడుగుతున్నారు. మీది మునగని బండి అయితే సీట్ బెల్టును చివరిదాకా లాగి చూపించండి. మునిగిన బండిలో బెల్టు లోపలి భాగాన బురద చారలు మిగిలిపోతాయి. సందేహం అక్కడే తీరుతుంది.

2. అసలు ఈ బండిని ఇప్పుడు అమ్మొచ్చా?

యాక్సిడెంట్‌లో ఎవరికైనా గాయాలై ఎఫ్‌ఐఆర్ నమోదైతే, బండిని ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) తనిఖీ చేసి ఉంటారు. పోలీసులు స్వాధీనం చేసుకున్న బండిని కోర్టు ద్వారా విడిపించుకుంటే మీరు బాండ్ రాసిచ్చి ఉంటారు. కేసు తేలేదాకా అమ్మనని, మార్పులు చేయనని అలాంటి బాండ్లలో షరతు ఉండటం మామూలే. ఆ కాగితం తీసి చదవండి. షరతు ఉంటే వకీలు ద్వారా కోర్టు అనుమతి తీసుకున్నాకే అమ్మకం. గాయపడినవాళ్లు ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం కేసు వేస్తే, ప్రమాదం జరిగిన రోజున ఓనర్ మీరే కాబట్టి ఆ కేసు మీ పేరు మీదే నడుస్తుంది. కారు అమ్మినంత మాత్రాన అది కొన్నవాడికి బదిలీ కాదు. ఆ రోజుకు అమల్లో ఉన్న పాలసీ కాపీని జాగ్రత్తగా దాచుకోండి.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ మధ్యలో ఉంటే అది ముగిసేదాకా ఆగండి. రిపేర్ ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే బీమా కంపెనీలు దాన్ని టోటల్ లాస్‌గా లెక్కిస్తాయి. అలా సెటిల్ అయిన బండి అయితే కంపెనీ ఇచ్చిన లెటర్‌ను వరస వరసా చదవండి. బండి మీ దగ్గరే ఉంచారా, ఆర్సీ రద్దు చేయించమన్నారా అన్నది అందులో ఉంటుంది. మరమ్మతుకు పనికిరానంతగా పాడైన బండి సంగతి ఓనరే 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 చెబుతోంది. తుక్కు బండిని ఆర్సీతో సహా కొంటామని తిరిగేవాళ్లు ఉంటారు. వాళ్లకు మీ ఇనుము అక్కర్లేదు, కాగితాలు కావాలి. ఎక్కడో కొట్టేసిన అదే మోడల్ బండికి మీ చాసిస్ నంబరు వేస్తే దొంగ బండి దర్జాగా రోడ్డెక్కుతుంది, పోలీసులు మీ ఇంటికొస్తారు. అంతగా పాడైతే ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకోండి. కొత్త బండి కొనేటప్పుడు పన్నులో రాయితీకి అది పనికొస్తుంది.

లోన్ ఉంటే మొత్తం కట్టేసి, బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం)తో పాటు, ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 రెండు కాపీలు సంతకం, సీలుతో తెచ్చుకోండి. ఎన్‌ఓసీకి సాధారణంగా మూడు నెలల గడువు రాసి ఉంటుంది. తెచ్చి బీరువాలో పెట్టి మర్చిపోతే మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగాలి.

యాక్సిడెంట్ బండికి మాత్రమే వచ్చే చిక్కు మరొకటి ఉంది. చాసిస్ నంబరు కొట్టిన చోటు దెబ్బ తిన్న భాగంలోనే ఉందేమో చూడండి. పేరు మార్పు దరఖాస్తులో ఆ నంబరు పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది తీసిన అచ్చు) అతికించాలి. నంబరు చెదిరిపోయినా, ఆ ముక్కను కోసి మార్చినా, ఆర్టీఏ అనుమతి లేకుండా గ్యారేజీలో మళ్లీ కొట్టించడం పెద్ద నేరమే. ఇంజిన్ మార్పించి ఉంటే కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించాకే బేరానికి పెట్టండి.

3. రిపేర్ చేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా?

ఫుల్ ఇన్సూరెన్స్ అమల్లో ఉంటే ఆలోచించాల్సింది పెద్దగా లేదు. క్లెయిమ్ చేసి కంపెనీలో రిపేర్ చేయించండి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, నిజమే. కానీ వచ్చే బిల్లు, మార్చిన పార్టుల లిస్టే రేపు మీకు అమ్ముకునే సాక్ష్యం. బోనస్ 50 శాతానికి చేరి, దెబ్బ మాత్రం పదివేల లోపుదైతే ఒకసారి లెక్క వేసుకోండి. అప్పుడు చేతి డబ్బు పెట్టుకోవడమే నయం కావచ్చు.

క్లెయిమ్ దారి లేకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒకటి, బయటి గ్యారేజీలో ఒకటి, రెండు ఎస్టిమేట్లు రాయించుకోండి. నోటి మాటగా కాదు, కాగితం మీద. తర్వాత నా లెక్క ఇలా ఉంటుంది. బండి తన కాళ్ల మీద తాను నడిచి వెళ్లేందుకు కావాల్సినవన్నీ చేయించండి: రేడియేటర్, హెడ్‌లైట్, ఇండికేటర్, వీల్ అలైన్‌మెంట్. నడిచే బండిని కుటుంబాలు కొంటాయి. టోయింగ్ బండి మీద వెళ్లాల్సిన కారును వ్యాపారులే కొంటారు, వాళ్ల ధరకే కొంటారు. బోల్టులతో ఊడొచ్చే ఫెండర్, బంపర్ లాంటివి మార్చడం కూడా సాధారణంగా గిట్టుబాటే.

ఆప్రాన్, పిల్లర్ దెబ్బ మీద మాత్రం పైపైన లప్పం పూసి రంగు వేయించకండి. ఆ ఖర్చు తిరిగి రాదు. రంగు కింద ఏముందో కనిపించక కొనేవాడు ఇంకా భయపడతాడు. అయితే సరైన గ్యారేజీలో బాడీ బెంచ్ (వంగిన బాడీని లాగి కొలతకు తెచ్చే యంత్రం) మీద లాగించి బిల్లు తీసుకోండి, లేదంటే కళ్లకు కనిపించేలా అలాగే వదిలేయండి. అతి శ్రద్ధగా పాలిష్ కొట్టించి, టైర్లకు నల్లరంగు పూసి, సీట్లకు కొత్త కవర్లు తొడగడం కూడా అనుమానాన్ని పెంచేదే. లోపల దుమ్ము దులిపి శుభ్రంగా ఉంచితే చాలు.

4. దెబ్బకు ఒక ఫైలు తయారు చేయండి

యాక్సిడెంట్ అయిన రోజు తీసిన ఫొటోలు ఉంటే అవే అన్నిటికంటే విలువైనవి. చాలామంది సిగ్గుపడి వాటిని డిలీట్ చేస్తారు. కొనేవాడికి దెబ్బ ఎంతదో చూపించేవి అవే, “ఓస్ ఇంతేనా” అనిపించేవీ అవే. వాటితో పాటు ఎస్టిమేట్, బీమా సర్వేయర్ నష్టం లెక్క కట్టిన అసెస్‌మెంట్, రిపేర్ బిల్లు, మార్చిన పార్టుల లిస్టు, రిపేర్ మధ్యలో బాడీ విప్పి ఉన్నప్పటి ఫొటోలు, అలైన్‌మెంట్ రిపోర్టు, సర్వీస్ హిస్టరీ ఒకే కవర్లో పెట్టండి. ఇన్సూరెన్స్ పాలసీ, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆర్సీ కాపీ జత చేయండి. చలాన్లు తెలంగాణవి వేరే సైట్లో, ఆంధ్రవి వేరే సైట్లో ఉంటాయి. రెండూ చూసి కట్టేయండి. పేరు మార్పు రోజున పాత చలాన్ ఒకటి బయటపడితే ఆ రోజంతా గొడవే.

5. ధర ఎంత చెప్పాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2018 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, దెబ్బ లేనిదైతే మీ ఊళ్లో 4,80,000 దాకా పలుకుతోందనుకోండి. ఇది ఓఎల్‌ఎక్స్‌లో కనిపించే ధర కాదు, బేరం తెగే ధర. మీ కారుకు ముందు ఎడమవైపు దెబ్బ తగిలింది. రిపేర్ ఇంకా చేయించలేదు, బయటి గ్యారేజీ ఎస్టిమేట్ 55,000. కొనేవాడి బుర్రలో లెక్క ఇలా నడుస్తుంది: రిపేర్‌కు 55,000, లోపల ఇంకేం పాడైందో తెలియదు కాబట్టి ఒక 40,000, రేపు నేను అమ్మేటప్పుడు నాకూ తక్కువే వస్తుంది కాబట్టి ఇంకో 40,000. అంటే అతను 3,45,000 దగ్గర మొదలుపెడతాడు.

ఈ మూడింటిలో మొదటిదాన్ని, మూడోదాన్ని మీరు పెద్దగా కదిలించలేరు. మధ్యలో ఉన్న 40,000 భయానికి కట్టిన ధర. ఫైలు ఆ భయం మీదే పని చేస్తుంది. బాడీ విప్పిన ఫొటోలో ఆప్రాన్ నిటారుగా కనిపిస్తే, అలైన్‌మెంట్ రిపోర్టులో అంకెలు పరిమితుల్లో ఉంటే ఆ 40,000 పదివేలకు దిగుతుంది. కాబట్టి 3,95,000 చెప్పి, 3,75,000 దగ్గర ఆగే ఉద్దేశంతో బేరానికి కూర్చోండి. అంతకంటే తగ్గేది లేదన్న అంకెను ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి. బేరం మధ్యలో మీ బావమరిది “పోనీలే బావా, ఇచ్చెయ్” అన్నాడంటే పదివేలు గోవిందా.

పోల్చుకోవడానికి పాత కార్లు కొనే కార్స్24, స్పిన్నీ లాంటి కంపెనీల దగ్గర కూడా ఒక కోట్ తీసుకోండి. వాళ్లకు అమ్మకపోయినా కింది గీత ఎక్కడుందో తెలుస్తుంది. నడవని బండి అయితే విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లోనో విడిభాగాల లెక్కన ఎంతిస్తారో కనుక్కోండి.

6. ప్రకటనలో దెబ్బను రెండో వాక్యంలోనే చెప్పండి

“గుడ్ కండిషన్, సింగిల్ హ్యాండ్, డాక్టర్ వాడిన కారు” తరహా ప్రకటనలకు కాలం చెల్లింది. రిపేర్ చేయించిన కారుకైతే ఇలా రాయండి:

“2018 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఫస్ట్ ఓనర్, 52,000 కిలోమీటర్లు. ముందు ఎడమవైపు యాక్సిడెంట్ అయింది. బంపర్, ఎడమ హెడ్‌లైట్, ఫెండర్ మార్చాను, బిల్లులున్నాయి. రేడియేటర్ సపోర్ట్ వంగితే సరిచేశారు. ఆప్రాన్, పిల్లర్లకు దెబ్బ లేదు. ఎయిర్‌బ్యాగ్‌లు విచ్చుకోలేదు. దెబ్బ ఫొటోలు అడిగితే పంపుతాను. మీ మెకానిక్‌తో వచ్చి చూసుకోవచ్చు. ధర ఇంత, కొంచెం బేరం ఉంది. బ్రోకర్లు వద్దు.”

ఫొటోలు పగటి వెలుగులో, నాలుగు వైపులా, దెబ్బ తగిలిన చోటు దగ్గర్నుంచి తీసి పెట్టండి. బండి నంబరు ప్లేటును, ఆర్సీ కాపీని మాత్రం అందరికీ కనిపించేలా పెట్టకండి. చూడటానికి నిజంగా వచ్చేవాళ్లకు నంబరు ఇస్తే చాలు, వాళ్లే వివరాలు చెక్ చేసుకుంటారు.

7. ఫోన్లు, వాట్సాప్‌లు

బండి చూడకుండా “లాస్ట్ ఎంత బ్రదర్?” అని అడిగేవాళ్లతో బేరం ఆడకండి. “వచ్చి చూడండి, కూర్చుని మాట్లాడుకుందాం” అనండి. “బ్రోకర్లు వద్దు” అని రాసినా బ్రోకర్లే ముందు ఫోన్ చేస్తారు, “నాకు మా బామ్మర్ది కోసం” అంటూ. గొడవ పడనక్కర్లేదు, ఆర్సీ ఎవరి పేరు మీద మారుస్తారో అడిగితే తేలిపోతుంది.

“ఆర్మీలో పనిచేస్తున్నాను, వేరే ఊళ్లో డ్యూటీ, ఇప్పుడే అడ్వాన్స్ వేస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి” అనే మెసేజ్ వస్తే బ్లాక్ చేయండి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని అంతకన్నా లేదు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పోయేది మన ఖాతాలోంచే.

8. బండి చూపించే రోజు

పగటిపూట, జనం తిరిగే చోట చూపించండి. ఇంజిన్ ముందే వేడెక్కించి పెట్టకండి, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వినాలని మెకానిక్‌లు కోరుకుంటారు. బానెట్ మీద చెయ్యి పెట్టి వేడిగా ఉంటే మొహం చిట్లించేవాళ్లను చూస్తారు. టెస్ట్ డ్రైవ్ ఇచ్చే ముందు డ్రైవింగ్ లైసెన్స్ అడిగి ఫొటో తీసుకోండి. మీరు పక్క సీట్లో కూర్చోండి. బండి దిగి తాళం వాళ్ల చేతిలో వదిలి “ఒక రౌండ్ వేసి రండి” అనొద్దు.

మెకానిక్ చూస్తున్నప్పుడు ఆయన వెనకాలే తిరుగుతూ ప్రతిదానికీ సమర్థించుకోకండి. ఆయన ఫెండర్ బోల్టు మీద వేలు పెట్టగానే “అవును, అది మార్చాం, బిల్లు ఇదిగో” అని ఫైలులో పేజీ తీసి చూపించండి. రెండు మూడు సార్లు ఆయన కనిపెట్టింది మీ కాగితంలో ముందే ఉంటే, ఆ తర్వాత వెతకడం తగ్గిస్తాడు. ఆయన మీకు తెలియనిది కనిపెడితే వాదించకుండా మీరూ వంగి చూడండి, ఫొటో తీసుకోండి. నిజమైతే దానికి తగ్గట్టు ధర మాట్లాడుకోవచ్చు.

9. టోకెన్, డబ్బు

టోకెన్ తీసుకుంటే ఎంత, ఎన్ని రోజుల్లో మిగతాది కడతారు, రాకపోతే టోకెన్ సంగతేమిటి అన్నది వాట్సాప్‌లో అయినా రాసి పెట్టుకోండి. మిగతా డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒకే లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. పట్టుబడితే తీసుకున్నంత మొత్తం పెనాల్టీగా కట్టాలి, అదీ తీసుకున్నవాడే, అంటే మీరే. సగం నగదు, సగం బ్యాంకు అని ముక్కలు చేసినా నగదు భాగం 2 లక్షలకు చేరకూడదు.

డబ్బు పంపినట్టు వాళ్ల ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూసి తాళం ఇవ్వకండి. మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్‌లో చూడండి. చెక్కు అయితే క్లియర్ అయ్యేదాకా బండి మీ ఇంటి ముందే ఉండాలి.

10. కాగితాలు: ఇక్కడ బద్ధకం పనికిరాదు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినట్టు మీరు రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. దానికి ఫారం 29. పేరు మార్పు దరఖాస్తు ఫారం 30. కొన్నవాళ్లు వేరే రాష్ట్రానికి తీసుకెళ్తుంటే ఫారం 28తో ఎన్‌ఓసీ కావాలి. హైదరాబాద్ బండి గుంటూరుకు వెళ్లినా అదే పద్ధతి. అక్కడ లైఫ్ ట్యాక్స్ కొన్నవాళ్లు కట్టుకోవాలి. ఆ ఖర్చు ఎవరిదన్న మాట బేరంలోనే తేల్చుకోండి.

ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేయడం మన దగ్గర బాగా అలవాటు. “నాకు తెలిసిన ఏజెంట్ ఉన్నాడు, నేను మార్పించుకుంటాను లెండి” అంటారు. ఆ ఖాళీ ఫారాలతో బండి చేతులు మారుతూ పోతుంది, ఆర్సీలో మాత్రం మీరే ఉంటారు. 2007లో అమ్మేసిన కారు నాలుగు చేతులు మారి 2009లో ప్రమాదం చేసింది. ఆర్సీలో పేరు మారలేదు కాబట్టి మొదట అమ్మినాయనే ఓనర్, పరిహారం బాధ్యత ఆయనదేనని 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బండి కళ్లతో చూసి రెండేళ్లయినా తప్పించుకోలేకపోయాడు. అందుకే కొన్నవారి పేరు, అడ్రసు, తేదీ నింపాకే సంతకం పెట్టండి. పేరు మార్పుకు బుక్ చేసిన స్లాట్ రోజున వాళ్లతో పాటు మీరూ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లండి. ఒక పూట పోతుంది, పోనివ్వండి.

డీలర్‌కు అమ్ముతుంటే పద్ధతి కొంచెం వేరు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన డీలర్‌కు బండి అప్పగించినట్టు ఫారం 29సీతో తెలియజేయాలి. అతనికి ఆ గుర్తింపు ఉందో లేదో ముందు అడగండి.

ఇక సేల్ లెటర్. స్టాంపు పేపరు మీద రాయించుకుని, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. బండి నంబరు, ఇంజిన్, చాసిస్ నంబర్లు, ధర, డబ్బు వచ్చిన తీరు, మీటరు రీడింగ్ ఉండాలి. బండి అప్పగించిన తేదీ మాత్రమే కాదు, టైం కూడా రాయండి. సాయంత్రం 5:40కి ఇస్తే 5:40 అనే రాయండి. ఆ రాత్రి 8 గంటలకు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడ్ చలాన్ పడితే ఎవరిదో అప్పుడు తేలుతుంది. యాక్సిడెంట్ సంగతికి విడిగా ఒక పేరా ఉండాలి. ఇలా రాయొచ్చు:

“ఈ కారుకు ఫలానా తేదీన ముందు ఎడమవైపు ప్రమాదం జరిగినట్లు, బంపర్, ఎడమ హెడ్‌లైట్, ఎడమ ఫెండర్ మార్చినట్లు, రేడియేటర్ సపోర్ట్ సరిచేసినట్లు అమ్మినవారు తెలియజేశారు. అందుకు సంబంధించిన ఫొటోలు, బిల్లుల కాపీలు కొన్నవారికి అందాయి. కొన్నవారు తమ మెకానిక్‌తో చూపించుకుని, కారును ఉన్న స్థితిలో కొనడానికి అంగీకరించారు.”

ఈ పేరా మిమ్మల్ని రెండు విధాలా కాపాడుతుంది. తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపుచ్చడాన్ని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 మోసంగా చూస్తుంది. అలా జరిగితే కొన్నవాడు ఒప్పందాన్ని రద్దు చేయమని అడగొచ్చు. మీరు చెప్పినట్టు, అతను విన్నట్టు సంతకం ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. మూడు నెలల తర్వాత ఎవరో ఏదో చెప్పారని “అన్నా, నాకు యాక్సిడెంట్ సంగతి చెప్పలేదు” అని ఫోన్ వస్తే, ఫోన్‌లో గంటసేపు అరుచుకోకుండా ఈ పేజీ ఫొటో తీసి పంపితే సరిపోతుంది. కొన్నవారి ఆధార్, లైసెన్స్ కాపీల మీద వాళ్ల సంతకం తీసుకుని దగ్గర పెట్టుకోవడం మర్చిపోకండి.

11. బండి వెళ్లిపోయాక చేయాల్సినవి

ఫాస్టాగ్‌ను అదే రోజు బ్యాంకు యాప్‌లో క్లోజ్ చేయండి. లేకపోతే వాళ్లు టోల్‌గేట్ దాటినప్పుడల్లా మీ ఖాతాలో డబ్బు కట్ అవుతుంది. సెక్షన్ 157 ప్రకారం ఇన్సూరెన్స్ తమ పేరు మీదకు మార్చమని 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు చేసుకోవాల్సింది కొన్నవాళ్లు. ఈ విషయం అప్పగించేటప్పుడే గట్టిగా చెప్పండి. లేకపోతే వాళ్ల సొంత డ్యామేజీ క్లెయిమ్‌కు ఇబ్బంది వస్తుంది, ఆ కోపం మీ మీద చూపిస్తారు.

రెండు మూడు వారాలయ్యాక బండి నంబరు కొట్టి ఓనర్ పేరు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూడండి. మారితే స్క్రీన్‌షాట్ తీసి ఫైలులో పెట్టండి. మారకపోతే ముందు ఫోన్ చేయండి. “ఇదిగో రేపు, ఎల్లుండి” అని రెండోసారి కూడా సాగదీస్తే, నింపిన ఫారం 29 కాపీ, సేల్ లెటర్ జిరాక్సు జత చేసి, ఫలానా తేదీన ఫలానావారికి అమ్మానని మీ ఆర్టీఏ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. ఇది పేరు మార్పుతో సమానం కాదు, కానీ మీరు చేయాల్సింది చేశారనడానికి రుజువు. ఆ సంగతి కొన్నవాళ్లకు కూడా వాట్సాప్‌లో పెట్టండి. చాలాసార్లు ఆ మెసేజ్ చూశాకే స్లాట్ బుక్ అవుతుంది.

క్లెయిమ్ చేయకుండా నో క్లెయిమ్ బోనస్ కాపాడుకుని ఉంటే అది మనిషిది, బండిది కాదు. అమ్మినట్టు రుజువు చూపించి బీమా కంపెనీ నుంచి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకోండి. మూడేళ్లలోపు కొత్త కారు కొంటే దాని ప్రీమియంలో ఆ తగ్గింపు వాడుకోవచ్చు.